ముగింపు చూసిపెట్టే మనిషి

దుర్గాభవానికి సినిమాలంటే ఇష్టం లేదు. ఈ మాట సాలూరులో ఎవరితో అన్నా నవ్వేవాళ్ళు. ఎందుకంటే రోజుకి రెండు మూడు సినిమాల చొప్పున, ఆదివారం కూడా వదలకుండా, ఎనిమిదేళ్ళు చూసింది ఆవిడ. పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పడేసి ఒకటి మొదలుపెట్టేది. రెండోదానికి కూర తరిగేది. మూడోది గోడకి చేరబడి, కునుకుపాట్లు పడుతూ చూసేది. పాటలొస్తే రిమోటు నొక్కి దాటించేసేది. కొట్లాటలు మాత్రం దాటించడానికి వీల్లేదు, అందులో ఎవడు పోతాడో తెలీదు కదా. హాస్యానికి ఆవిడ నవ్వడం మానేసి చాలా కాలమైంది. ఆఖరి ఇరవై నిమిషాలకి మాత్రం లేచి కూచుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చూసేది.

ఏరేది ఒక్కటే. ఈ సినిమాలో ఎవరి మొగుడైనా చచ్చిపోయాడా? ఎవరి బొట్టయినా చెరిపారా, ఎవరి గాజులైనా పగలగొట్టారా? అలాంటిదేమీ లేకపోతే సీడీ కవరు మీద తడిపసుపుతో ఒక చుక్క పెట్టేది. ఉంటే చుక్క లేదు. చుక్క లేని సీడీ, మొగుడు లారీ మీద ఊరు దాటిన ఇంటికి వెళ్ళేది కాదు.

సాలూరు గురించి తెలియని వాళ్ళకి ఇది పిచ్చిలా కనిపించవచ్చు. సాలూరు బతుకంతా లారీల మీద. డ్రైవర్ల వీధిలో మగాళ్ళు నెలకి ఇరవై రోజులు రాయ్‌పూర్ దారిలోనే ఉంటారు. ఊరు దాటగానే ఘాటీ, మలుపుల కొండదారి, ఆ పైన సుంకి ఊరు, ఆ పైన ఒడిశా కొండలు. లారీ కదిలాక ఇల్లు ఊడవకూడదు. వెనక్కి పిలవకూడదు. మొగుడు ఘాటీ మీద ఉండగా, మొగుడు పోయే సినిమా చూడకూడదు. మొదటి రెండూ అమ్మమ్మల నాటివి. మూడోది ఇంటింటికీ టీవీ వచ్చాక వీధి ఆడవాళ్ళే పుట్టించుకున్నారు. కొత్తగా పుట్టినది కదా అని దాన్ని తక్కువగా పాటించేవాళ్ళా అంటే, మొదటి రెండింటికంటే గట్టిగా పాటించేవాళ్ళు.

బస్టాండు దగ్గర సూరయ్య సీడీల కొట్టు ఉండేది. సూరయ్య మంచివాడే గాని, తన దగ్గరున్న సినిమాలు తనే చూసేవాడు కాదు. రెండువేల ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం, దాలమ్మ ఇంట్లో అయిదుగురు ఆడవాళ్ళు కూచుని సూరయ్య ఇచ్చిన సినిమా పెట్టుకున్నారు. ఆఖర్న హీరో పోయాడు. హీరోయిన్ గాజులు పగిలాయి. దాలమ్మ లేచి టీవీ ప్లగ్గు పీకేసింది గాని, అప్పటికే చూసేసింది. ఆ తర్వాత రెండు రోజులు దాలమ్మ మొగుడి దగ్గర్నుంచి ఫోను లేదు. మూడో రోజు చేశాడు. జయపురం దగ్గర యాక్సిల్ విరిగి కూచున్నాడట. కానీ ఆ రెండు రోజులూ దాలమ్మ అన్నం ముట్టలేదు, తక్కిన నలుగురూ ఆవిడ ముఖం చూడలేకపోయారు.

"ఆ సూరయ్యకి కళ్ళు లేవేటే! బండి ఘాటీ మీదున్నోళ్ళకి ఇలాటి సినిమా ఇస్తాడేటి? ఇంక సీడీల జోలికెల్తే ఒట్టు," అంది దాలమ్మ.

అప్పుడన్నది దుర్గాభవాని, గుమ్మం బయట నిలబడి. "ముందు నాను సూసి సెప్తానే. నాకు పోయేదేటున్నాది? పోయినోడు ఎప్పుడో పోనాడు."

ఆవిడ మొగుడు గోవిందరావు అంతకు రెండేళ్ళ ముందు ఘాటీ మలుపులో లారీతో సహా లోయలో పడి పోయాడు. పిల్లల్లేరు. ఆ రెండేళ్ళూ ఆవిడ గుమ్మం బయటే నిలబడేది. వీధిలో ఎవరూ ఆవిడని కసురుకోలేదు, అదే ఇంకా కష్టం. లారీ బయల్దేరే వేళకి ఆవిడ కనిపిస్తే, "ఓ నిమిషం లోపలుండక్కా," అని ఎంతో నెమ్మదిగా అనేవాళ్ళు. ఆవిడ లోపలుండేది. నిమిషం కాస్తా పూటయ్యేది.

సీడీలతో అది మారిపోయింది. ఉన్న చెవిదుద్దులు అమ్మి ఒక డీవీడీ ప్లేయరు, వంద సీడీలు కొంది. వీధి అవతల చిన్న గది అద్దెకి తీసుకుంది, సూరయ్యలా కొట్టు మాత్రం పెట్టలేదు. గుడ్డసంచీ భుజాన వేసుకుని మధ్యాహ్నం రెండు గంటలకి వీధిలోకి వచ్చేది. తలుపు తట్టి సినిమా ఇచ్చేది, మర్నాడు తలుపు తట్టి తీసుకునేది. ఎవరికి ఏది పడుతుందో ఆవిడకి తెలుసు. కడుపుతో ఉన్నవాళ్ళకి దెయ్యాలవి ఇచ్చేది కాదు. అత్తతో పడనివాళ్ళకి అత్తాకోడళ్ళ కథ ఇచ్చి, "నీ గురించే తీసినారే," అని ఏడిపించేది. ఇంటికే వచ్చే సినిమా, పైగా ముగింపు చూసిపెట్టిన సినిమా దొరుకుతుంటే బస్టాండు దాకా ఎవరు పోతారు? ఏడాది తిరక్కుండా సూరయ్య కొట్టు మూసేసి అక్కడ చెప్పులు పెట్టాడు. దారిలో ఎదురైతే, "నా పొట్ట కొట్టినావు తల్లీ," అని నవ్వేవాడు. ఆవిడా నవ్వేది. ఆ నవ్వులో తప్పేమైనా ఉందేమో అని అప్పట్లో ఆలోచించలేదు.

సంచీ ఉన్నన్నాళ్ళూ ఆవిడ గుమ్మం లోపలి మనిషి. "రా అక్కా, కూకో, అన్నం తిన్నావేటి?" అనేవాళ్ళు. చిన్నతల్లి అయితే మరీనూ. పెళ్ళై వీధికి వచ్చిన కొత్తల్లో, మొగుడు చినబాబు లేని పూట ఒంటరిగా ఉండలేక దుర్గాభవానిని పక్కన కూచోబెట్టుకుని సినిమా చూసేది. ఆవిడకి ఆ సినిమా అప్పటికే ఒకసారి చూసిన తలనొప్పి. అయినా కూచునేది. హీరోకి కత్తి తగిలితే చిన్నతల్లి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకునేది. "బతుకుతాడే, భయపడకు," అనేది దుర్గాభవాని. ఆ ఒక్క మాట కోసం రోజుకి మూడు సినిమాలేమిటి, ఆరు చూడమన్నా చూసేది. ఆ చెయ్యి కోసమే తను బతుకుతున్నానని ఆవిడకి తెలుసు.

రెండువేల పన్నెండులో గజపతినగరం నుంచి విజయ్‌కుమార్ అనే కుర్రాడు వచ్చి, సూరయ్య చెప్పులకొట్టు పక్కనే సెల్ ఫోన్ల షాపు తెరిచాడు. చురుకైనవాడు, మాట తీపి. షాపు ముందు అట్టముక్క మీద రాసి పెట్టాడు, మెమరీ కార్డులో సినిమాలు ఎక్కించబడును అని. ఒక్క కార్డులో ఇరవై సినిమాలు. గోటి మీద పట్టే ఆ ముక్కలో ఇరవై సినిమాలు ఎలా పడతాయో దుర్గాభవానికి అర్థం కాలేదు. వెళ్ళి అడిగింది కూడా.

"అదంతే అక్కా. నువ్విచ్చింది రేపు తిరిగియ్యాల. నాను ఎక్కించింది తిరిగిచ్చే పనే లేదు. ఆలదే," అన్నాడు విజయ్‌కుమార్. గొప్పగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు.

తిరిగిచ్చే పని లేదు. ఆ మాట ఆవిడకి ఇంటికొచ్చాక గుచ్చుకుంది. ఇవ్వడానికి ఒకసారి, తీసుకోవడానికి ఒకసారి, ఒక్కో సినిమాకి రెండుసార్లు తలుపు తెరుచుకునేది. అదే పోతోంది.

ముందు మగాళ్ళు ఎక్కించుకున్నారు, క్యాబిన్లో చూసుకోవడానికి. తర్వాత ఆడవాళ్ళకీ ఫోన్లు వచ్చాయి. సంచీ తేలికవుతూ వచ్చింది. ఒకరోజు దాలమ్మ గుమ్మంలోనే నిలబడి, "ఒద్దులే భవానీ, ఫోన్లో ఉన్నాయి," అని, వెంటనే గొంతు తగ్గించి, "ఇదిగో, ఈ పోలీసు సినిమా ఉన్నాది కదా, ఆకర్న బతుకుతాడేటి?" అని అడిగింది.

"బతుకుతాడు. తమ్ముడు పోతాడు. ఆడికి పెళ్ళి కాలేదులే."

"అయితే పర్లేదు," అని దాలమ్మ తలుపు దగ్గరకి వేసుకుంది.

అలా ఏడాదిన్నర నడిచింది. సీడీలు ఎవరికీ అక్కర్లేదు, ముగింపులు మాత్రం అందరికీ కావాలి. ఆవిడ ఖాళీ సంచీతో వీధంతా తిరిగి, బతుకుతాడనీ చస్తాడనీ ఊరికే చెప్పి వచ్చేది. రిక్షా లాగేవాడు బండి పోయాక కూడా ఊళ్ళో దారులు చెబుతూ తిరిగినట్టుంది ఆవిడ పని. ఇంటద్దెకి కుట్టుపని పట్టింది. కళ్ళు మండేవి. అయినా పొద్దున్నే టీవీ పెట్టేది.

ఆ సంగతి విజయ్‌కుమార్‌కి తెలిసింది. వాడికి బుర్ర ఉంది. తనే ఇంటికి వచ్చి చాపమీద కూచున్నాడు.

"అక్కా, డ్రైవర్ల వీధోళ్ళు కార్డు తెచ్చి, ఇందులో భవానక్క సూసినవేవి అనడుగుతన్నారు. నువ్వొచ్చి నా షాపులో కూకో. నువ్వు మంచిదన్న సినిమాలన్నీ వేరే పెడతాను. దానికి పసుపు అని పేరెడదాం. నువ్వలగ ఎండలో తిరగడమెందుకు?"

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. షాపులో కూచుంటే ఇళ్ళకి వెళ్ళేది ఎప్పుడు? కానీ ఖాళీ సంచీతో మాత్రం ఎన్నాళ్ళు వెళుతుంది? తన మాట నిలబడితే చాలు, మనుషులు తనని మరిచిపోరు అనుకుంది. అనుకుని ఒప్పుకుంది. అలసిపోయి ఒప్పుకుంది అంటే ఇంకా నిజం.

షాపులో ఒక మూల స్టూలు, చిన్న కంప్యూటరు. వారానికి ఏడెనిమిది సినిమాలు చూసి చెప్పేది. విజయ్‌కుమార్ వాటిని పసుపులో పెట్టేవాడు. వీధిలోంచి మగాళ్ళే కార్డులు తెచ్చేవాళ్ళు, ఆడవాళ్ళు రావడం తక్కువ. ఎప్పుడైనా చిన్నతల్లి బజారుకి వచ్చినప్పుడు షాపు బయట నుంచి, "అక్కా, బాగున్నావేటి?" అని చెయ్యి ఊపి వెళ్ళేది. ఆ పూటకి అది చాలు.

ఒకరోజు ఒక డ్రైవరు కార్డు తెచ్చాడు. విజయ్‌కుమార్ టీ తాగడానికి పోయాడు, సినిమాలు ఎక్కించడానికి కంప్యూటరు ఆవిడే తెరిచింది. పసుపు పేరుతో ఆ నెల చేర్చినవే అరవై సినిమాలు ఉన్నాయి. అందులో ఆవిడ చూసినవి పాతిక కూడా లేవు. ఒకదాని పేరు ఆవిడ రెండుసార్లు చదువుకుంది. తొలి ఏడాదే చూసి చుక్క పెట్టకుండా పక్కన పడేసిన సినిమా అది.

విజయ్‌కుమార్ తిరిగి రాగానే అడిగింది. "ఏట్రా ఇది? నాను సూడనివి నా పేరు మీద ఎట్టినావేటి?"

వాడు తల గోక్కున్నాడు. "అక్కా, వారానికి ఏడు సినిమాలు ఏ మూలకొస్తాయి? కార్డు నిండొద్దా?"

"ఏ ఇంట్లోనైనా అది సూసి, ఆ రోజే బండికేటైనా అయితే?"

"ఎవులు సూస్తారక్కా?" అన్నాడు వాడు. గొంతులో విసుగు లేదు, జాలి ఉంది. "నీకు తెలీదు గాని, ఎవులూ ఆకరిదాకా సూడట్లేదు. పావుగంట సూడ్డం, ఇంకోటి ఎట్టడం. ఇరవై ఉంటే ఎవులు ఓపిగ్గా ఒకటి సూస్తారు? నాలుగు నెల్ల నుంచి ఎట్టేస్తన్నాను. ఒక్కరైనా వొచ్చి అడిగినారేటి?"

ఎవరూ అడగలేదు. నాలుగు నెలలు. వాడిని తిట్టాలని ఉంది, తిట్టడానికి ఓపిక రాలేదు. ఇన్నేళ్ళు కళ్ళు పోగొట్టుకుని కాపలా కాసిన ఆ ముగింపుల దాకా ఇప్పుడు ఎవరూ నడిచి రావడం లేదు. ఇంక కాపలా ఎవరికి? సంచీ తీసుకుని లేచింది. "నా మాట తీసెయ్. పసుపు అన్న పేరు తీసెయ్," అంది. వాడు తీసేశాడు. తీసేసినట్టు కూడా ఎవరూ గమనించలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకి ఫోన్లో నెట్ ఉచితంగా రావడం మొదలైంది. కార్డులు ఎక్కించుకునేవాళ్ళు ఒక్క నెలలో మాయమైపోయారు. విజయ్‌కుమార్ అట్టముక్క తీసేసి ఫోను కవర్లు, ఫోను తెర మీద అంటించే గాజుపలకలు అమ్ముకుంటున్నాడు. దారిలో కనిపించి, "మనిద్దరి పనీ అయిపోనాదక్కా," అన్నాడు. ఆవిడకి సూరయ్య గుర్తొచ్చాడు. తనని చూసి నవ్వడానికి అతనికి ఎంత ఓపిక కావలసి వచ్చిందో అప్పుడు తెలిసింది. విజయ్‌కుమార్‌ని చూసి ఆవిడ నవ్వలేకపోయింది.

సీడీలు గోతాంలో కట్టి పాత సామానుల వాడికి ఇచ్చేసింది. బాలికల హాస్టల్లో వంటపని దొరికింది. ఆరుంబావుకల్లా పొయ్యి వెలిగించాలి. ఆవిడ గదికీ హాస్టలుకీ మధ్య డ్రైవర్ల వీధి. సంచీ పట్టిన నాటినుంచీ ఆ వీధిలోకి ఆవిడ వచ్చింది మధ్యాహ్నం రెండింటికి, లారీలు వెళ్ళిపోయాక. పొద్దున్న ఆరింటికి, లారీలు బయల్దేరే వేళకి రావడం ఇదే మొదలు.

మొదటి మూడు రోజులూ ఆ వేళకి వీధిలో ఏ బండీ కదల్లేదు. పనిలో చేరిన నాలుగో రోజు. చలి మొదలైన రోజులు. చినబాబు బండి ఇంటి ముందు ఇంజను వేసి ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. చిన్నతల్లి హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. దుర్గాభవాని వీధి మొదట్లో కనిపించగానే చిన్నతల్లి కళ్ళు పెద్దవయ్యాయి. ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి, అక్కడే ఉండమన్నట్టు అరచెయ్యి చూపించింది.

దుర్గాభవానికి ముందు అర్థం కాలేదు. పలకరింపు అనుకుని తనూ చెయ్యి ఎత్తబోయింది. ఎత్తబోయిన చెయ్యి సగంలో ఆగిపోయింది. పక్కకి జరిగి, వీధి కుళాయి గోడ వెనక నిలబడింది. నిమ్మకాయలు చితికిన చప్పుడు వినిపించింది. బండి వెళ్ళిపోయింది. సినిమా అంటే ఉన్న భయం ఈ వీధికి పోయింది, విధవ అంటే ఉన్న భయం పోలేదు. ఈ మధ్యలో ఎనిమిదేళ్ళు తనని గుమ్మం లోపలికి తెచ్చింది తను కాదు, ఆ సంచీ.

చిన్నతల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది. "ఏటనుకోకక్కా. ఆయనకి ఇలాటి పట్టింపుల్లేవు. నాకే, ఏటో, గుండె దడ. రా, టీ తాగుదువు గాని."

"పనికెల్లాలి," అంది దుర్గాభవాని.

"రోజూ ఈ ఏళకే ఎల్లాలేటి?" చిన్నతల్లి చీరకొంగు వేలికి చుట్టుకుంది. "ఎనకాల కాలవ గట్టు మీంచి కూడా దారున్నాది కదక్కా. దగ్గిరే."

దుర్గాభవాని ఆ పిల్ల చేతివంక చూసింది. హీరోకి కత్తి తగిలినప్పుడల్లా తనని పట్టుకున్న చెయ్యి అది. కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

"ఒలే చిన్నతల్లీ, ఎనిమిదేళ్ళు ఈ వీధిలో మొగుళ్ళందరి సావులూ నానొక్కదాన్నే కూకుని సూసినాను. మీ కంట పడకండా సూసినాను. అప్పుడు నా మొకం పనికొచ్చింది కాదేటి?"

చిన్నతల్లి వేలికి చుట్టిన కొంగు విప్పింది.

"కాలవ గట్టు మీద నానడవలేను, కళ్ళు సరిగ్గా ఆనట్లేదు. ఈ వీధిలోంచే వస్తాను. ఆరింటికొస్తాను. నీకు దడగా ఉంటే బండి ఆరుంబావుకి తియ్యమను."

ఇంకేమీ అనకుండా హాస్టలుకి పోయింది. ఆ రోజు సాంబారులో ఉప్పు ఎక్కువైందని పిల్లలు అన్నారు.

మర్నాడు ఆరింటికి వీధిలోకి వచ్చేసరికి రెండు బండ్లు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి, ఒకటి దాలమ్మ ఇంటి ముందు, ఒకటి చివరింటి ముందు. చిన్నతల్లి చెప్పినట్టుంది. ఆవిడని చూడగానే రెండింటి ఇంజన్లూ ఆపేశారు. హారతి పళ్ళాలు లోపలికి వెళ్ళాయి. తలుపులు దగ్గరకి పడ్డాయి, ఒకటి తర్వాత ఒకటి, ఆవిడ నడక కంటే ఒక ఇల్లు ముందుగా. దాలమ్మ తలుపు, దాని పక్కది, చిన్నతల్లిది. ఒక్కో తలుపు వెనక ఎవరికి ఏ సినిమా ఇష్టమో ఆవిడకి ఇప్పటికీ తెలుసు.

ఆవిడ వీధి మధ్యలోంచే నడిచింది. పక్కకి జరగలేదు, వేగం పెంచలేదు. వీధి చివరకి వచ్చాక వెనకాల ఇంజన్లు మళ్ళీ మొదలైన చప్పుడు వినిపించింది, తలుపులు తీసిన చప్పుడూ వినిపించింది. మొగుడు పోయిననాడు కూడా అంత ఏడవలేదు ఆవిడ. హాస్టలు గేటు దాకా ఏడుస్తూనే నడిచి, కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, పొయ్యి వెలిగించింది.